క్రూయిజ్ తొలిరోజు: పన్నెండు మంది, అయిదు క్యాబిన్లు

ముందురోజు రాత్రి

ఓడ సాయంత్రం 5 గంటలకు కదులుతుందంటే 4 గంటలకు రేవు చేరితే చాలనుకునేవాళ్ళు ప్రతి ప్రయాణంలోనూ ఉంటారు. చెక్-ఇన్ కౌంటర్లు ఓడ కదలడానికి గంట, గంటన్నర ముందే మూతపడతాయి. ఓడలో ఎవరెవరున్నారో తేల్చిన జాబితా ఆలోపే అధికారులకు వెళ్ళాలి, వెళ్ళాక కొత్త పేరు చేర్చరు. విమానంలో వచ్చేవాళ్ళు రేవున్న ఊరికి ముందురోజే చేరుకోవాలని అందరూ చెప్పేది అందుకే. తప్పిపోతే తర్వాతి రేవులో అందుకుందాం అనుకోవడం తేలికే. కానీ దానికి ఆ దేశం వీసా ఉండాలి, మధ్యలో ఎక్కడానికి ఓడ సంస్థా, రేవు అధికారులూ ఒప్పుకోవాలి. ఖర్చు మాత్రం మనదే.

మన గుంపులో పన్నెండు మంది ఉన్నారనుకుందాం. మూడు కుటుంబాలు, ఇద్దరు స్నేహితులు, వీళ్ళలో మోకాళ్ళ నొప్పులున్న తాతయ్య, అమ్మమ్మ, రెండేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా నలుగురు పిల్లలు. మొత్తం అయిదు క్యాబిన్లు. ఇలాంటి గుంపుకి తొలిరోజు పాడయ్యేది చాలావరకు ఒకే కారణంతో: పన్నెండు మందీ ప్రతి పనికీ కలిసి కదలాలనుకోవడం. ఒకరికోసం పదకొండు మంది ఆగుతారు, వాళ్ళు కదిలేసరికి ఇంకొకరు మాయమవుతారు. పనులు పంచుకుని విడిపోవాలి. అందరూ కలవాల్సింది ఓడ కదిలేటప్పుడు డెక్ మీద, రాత్రి భోజనం దగ్గర. మధ్యలో ఎవరి దారి వాళ్ళది.

రాత్రి సర్దేటప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది పాస్‌పోర్టులు. అవి పెద్ద సూట్‌కేసులో పడి వెళ్ళిపోవడం తొలిరోజు పొరపాట్లలో బాగా మామూలుది. రేవులో పోర్టర్ చేతికిచ్చిన పెట్టె వేల పెట్టెల మధ్య కలిసిపోతుంది. దాన్ని వెనక్కి తెప్పించేలోపు గంటలు గడిచిపోతాయి. ఒక్కొక్క కుటుంబం కాగితాలు ఆ కుటుంబంలో ఒకరి దగ్గరే ఉండాలి. పన్నెండు పాస్‌పోర్టులూ ఒక్కరి సంచిలో పెట్టడం మాత్రం వద్దు. ఆయన వరసలో వెనకబడితే మొత్తం గుంపు ఆగిపోతుంది.

వీసాలో ఒక మెలిక ఉంది. ఓడ ఒక దేశంలో బయల్దేరి, ఇంకో దేశం తాకి, మళ్ళీ మొదటి దేశానికే వస్తుంటే అది చాలాచోట్ల రెండోసారి ప్రవేశం కిందే లెక్క. సింగిల్ ఎంట్రీ వీసా ఉన్నవాళ్ళను ఎక్కేటప్పుడే ఆపేస్తారు. స్నేహితుల పిల్లల్ని వాళ్ళ తల్లిదండ్రులు లేకుండా వెంట తీసుకెళ్తుంటే తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం కావాలి, చాలా సంస్థలు దానికి నోటరీ కూడా అడుగుతాయి. ఇంకొకటి బుక్ చేసేనాడే చూసుకోవాల్సింది: ప్రయాణం ముగిసేలోపు 24వ వారంలోకి వచ్చే గర్భిణిని చాలా సంస్థలు ఎక్కనివ్వవు. పసిపిల్లలకు 6 నెలలు నిండాలంటారు, మహాసముద్రం దాటే ప్రయాణాలకైతే ఏడాది.

ఇక చేతిసంచి. పెద్ద పెట్టెలు క్యాబిన్ చేరేసరికి సాయంత్రం, ఒక్కోసారి రాత్రి 8, 9 అవుతుంది. అప్పటిదాకా కావలసినవన్నీ చేతిసంచిలోనే: మందులు అన్నీ (ఆ పూటవే కాదు), కళ్ళద్దాలు, ఫోన్ ఛార్జర్లు, పవర్ బ్యాంక్, పిల్లలకు ఈతబట్టలు, ఒక జత మార్చుకునే బట్టలు, చిన్నవాడికి డైపర్లు. ఈతబట్టలు పెట్టెలో పెట్టినవాళ్ళ పిల్లలు మధ్యాహ్నమంతా ఖాళీగా ఉన్న పూల్‌ని గట్టున నిలబడి చూస్తారు.

ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే కెటిల్, కొవ్వొత్తులు, డ్రోన్ లాంటివి దాదాపు ఏ ఓడలోనూ ఒప్పుకోరు. ఇవి నిప్పుకు భయపడి పెట్టిన నిషేధాలని ఇట్టే తెలుస్తుంది, డ్రోన్ ఒక్కటీ తప్ప. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు హఠాత్తుగా పెరిగితే అడ్డుకునే భాగం) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎందుకు తీసేసుకుంటారో మాత్రం చాలామందికి అర్థంకాదు. ఇళ్ళలో కరెంటు తీగల్లో ఒకటి న్యూట్రల్, దాన్ని భూమికి కలిపి ఉంచుతారు. ఓడల్లో సాధారణంగా ఏ తీగనూ ఓడ ఒంటికి కలపరు. ఎక్కడైనా లీకేజీ వస్తే, ఇంటి పద్ధతికి తయారైన సర్జ్ ప్రొటెక్టర్ లోపలి భాగాలు ఆ వోల్టేజీకి వేడెక్కి అంటుకోవచ్చు. సర్జ్ లేని చిన్న యూఎస్‌బీ ఛార్జర్ చాలు. నిషేధించిన వస్తువు స్కానర్‌లో కనబడితే ఆ పెట్టె క్యాబిన్‌కి రాదు, సెక్యూరిటీ గదిలో ఆగుతుంది. మీరే వెళ్ళి తెరిచి చూపించాలి.

లగేజీ ట్యాగులు ఇంట్లోనే ప్రింట్ తీసుకోవాలి. కాగితాన్ని గీతల వెంట మడిచి, క్యాబిన్ నంబరు బయటికి కనిపించేలా హ్యాండిల్ చుట్టూ తిప్పి, అంచుల్ని స్టాప్లర్‌తో రెండుచోట్ల కొట్టాలి. పైన వెడల్పు సెల్లో టేప్ పూర్తిగా చుట్టాలి. టేప్ లేని కాగితం కన్వేయర్ మీద చిరిగిపోతే పెట్టె దిక్కులేనిదవుతుంది. అందుకే పేరు, ఓడ పేరు, క్యాబిన్ నంబరు, ఫోన్ నంబరు రాసిన ఇంకో చీటీ పెట్టె లోపల, బట్టల పైన పెడతారు తెలిసినవాళ్ళు. అయిదు క్యాబిన్ల ట్యాగులు ఒకేచోట కూర్చుని అంటిస్తే కలగాపులగం అవుతాయి. ఎవరివి వాళ్ళే అంటించుకోవాలి.

ఉదయం 10 నుంచి 12

అదే ఓడ ఆ ఉదయం పాత ప్రయాణికుల్ని దింపుతుంది. వాళ్ళు దిగాక కొన్ని గంటల్లోనే వేల పడకలు మార్చాలి, సరుకులు ఎక్కించాలి, ఇంధనం నింపాలి. పాతవాళ్ళలో ఒక్కరు మిగిలినా కొత్తవాళ్ళను ఎక్కించని రేవులున్నాయి. టెర్మినల్ తలుపులు తెరవడం ఆలస్యమైతే కారణం తరచు అదే. 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ పొడవు 365 మీటర్లు. క్యాబిన్‌కి ఇద్దరి లెక్కన చూసినా 5,610 మంది పడతారు. అంతమంది ఒకే గేటు గుండా వెళ్ళాలి కాబట్టే ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో అరగంట చొప్పున వేళలు కేటాయిస్తారు.

కలిసి ఒకే వాహనంలో వచ్చేవాళ్ళు అయిదు బుకింగులకీ ఒకే వేళ ఎంచుకోవాలి. చెక్-ఇన్ తెరిచిన మొదటి గంటలోనే చేస్తే ఇది కుదురుతుంది, నాలుగు రోజులాగితే ఒకరికి 11:00, ఇంకొకరికి 2:30 వస్తుంది. అలా వచ్చినా గొడవేం లేదు, పిల్లలున్నవాళ్ళూ పెద్దవాళ్ళూ ముందు వేళకు, మిగతావాళ్ళు తర్వాత వేళకు ఎక్కితే సరి.

వాహనం దిగగానే పెట్టెలు పోర్టర్లకి. లెక్కపెట్టి ఇవ్వండి, ఒక్కో కుటుంబం పెట్టెల ఫొటో తీసి ఉంచుకోండి. పెట్టె కనబడనప్పుడు "నల్లటి సూట్‌కేసు" అని చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. తర్వాత స్కానర్, ఆ తర్వాత పాస్‌పోర్టు తనిఖీ, ఆరోగ్య ప్రశ్నలు, కెమెరా ముందు ఒక ఫొటో. ఓడ ఎక్కినప్పుడూ దిగినప్పుడూ గ్యాంగ్‌వే (గట్టు నుంచి ఓడలోకి వేసిన వంతెన) దగ్గర ఓడవాళ్ళు ఇచ్చే కార్డు స్కాన్ చేస్తే తెర మీద కనిపించేది ఆ ఫొటోనే. నడవలేని తాతయ్యకు వీల్‌చెయిర్ కావాలంటే టెర్మినల్ గుమ్మంలోనే అడగాలి, లోపల వరసలో సగం దూరం వెళ్ళాక అడిగితే కుర్చీ వచ్చేసరికి చాలాసేపు పడుతుంది.

ఓడలో డబ్బు చేతులు మారదు. ఇచ్చిన కార్డే తాళం, గుర్తింపు, పర్సు. దాని వెనక ఒక క్రెడిట్ కార్డు ఉంటుంది. డెబిట్ కార్డు ఇవ్వకపోవడమే మంచిది: ఓడవాళ్ళు ముందుగా కొంత మొత్తం హోల్డ్ పెడతారు, క్రెడిట్ కార్డులో అది పరిమితిలోంచి పోతుంది, డెబిట్‌లో ఖాతాలోని అసలు డబ్బే రోజుల తరబడి ఇరుక్కుంటుంది. అయిదు క్యాబిన్ల ఖర్చూ ఒకరి కార్డుకి కలపాలన్న ఆలోచన స్నేహితుల్లో తప్పక వస్తుంది. వద్దు. చివరి రోజు ఎవరు ఏం తాగారో లెక్క తేల్చడం స్నేహానికి మంచిది కాదు. క్యాబిన్‌కో కార్డు పెట్టుకుని, పిల్లల కార్డుల మీద కొనుగోళ్ళు మొదటిరోజే ఆపించండి, లేదా పరిమితి పెట్టించండి. గేమ్ ఆర్కేడ్‌లో కార్డు తాకిస్తే చాలు ఆట మొదలవుతుంది.

మధ్యాహ్నం 12 నుంచి 3

ఎక్కగానే అందరూ పరుగెత్తేది పై డెక్‌లోని బఫేకి. 12 నుంచి 1:30 దాకా అక్కడ కుర్చీ దొరకదు. అదే సమయంలో కింద ఇంకో భోజనశాలో, చిన్న కెఫేనో తెరిచి ఉండటం మామూలే, ఆ సంగతి ఓడ సంస్థ యాప్‌లోని ఆనాటి కార్యక్రమంలో ఉంటుంది. చేతులు మాత్రం సబ్బుతో కడుక్కోవాలి. ఓడల్లో కడుపును పట్టే నోరోవైరస్ మీద ఆల్కహాల్ శానిటైజర్ సరిగా పనిచేయదు, గుమ్మం దగ్గర చుక్క పోయించుకుని కడుక్కున్నట్టే అనుకోవద్దు.

గుంపు విడిపోవాల్సింది ఇక్కడే. తాతయ్య, అమ్మమ్మ ఒక చోట నీడన కూర్చుంటారు, వాళ్ళతో ఒకరు. ఒకరు పిల్లల్ని తీసుకుని పిల్లల క్లబ్బుకి వెళ్ళి నమోదు చేయిస్తారు. క్లబ్బులో వయసు ప్రకారం గదులుంటాయి, సాధారణంగా మూడేళ్ళు నిండి డైపర్ మానేసినవాళ్ళనే తీసుకుంటారు. రెండేళ్ళవాడిని అక్కడ వదలొచ్చన్న ఆశ అక్కడితో సరి. వాడికి పూల్ కూడా కుదరదు: ఈత డైపర్ వేసినా చాలా ఓడల్లో పెద్ద పూల్‌లోకి రానివ్వరు, నీళ్ళాట కోసం వేరే చోటుంటేనే. పిల్లల్ని ఎవరు వెనక్కి తీసుకెళ్ళొచ్చో పేర్లు రాయమంటారు. అమ్మానాన్నలతో పాటు గుంపులో ఇంకొకరి పేరు కూడా రాయండి. చేతికి కట్టే బ్యాండ్ మీద మస్టర్ స్టేషన్ (ప్రమాదం వస్తే చేరాల్సిన చోటు) అక్షరం ఉంటుంది, దాన్ని స్నానానికి కూడా తీయకూడదు.

ఇంకొకరు ప్రధాన భోజనశాల గుమ్మానికి వెళ్ళాలి. తొలిరోజు మధ్యాహ్నం అక్కడ హెడ్ వెయిటర్ ఒక కౌంటర్ పెట్టుకుని టేబుళ్ళ మార్పులు చూస్తాడు. అయిదు బుకింగుల్నీ కలిపి రాయించడం వారాల ముందే జరిగి ఉండాలి. జరగకపోతే ఇది చివరి అవకాశం. పన్నెండు మందికి ఒకే టేబుల్ అరుదు. పక్కపక్కన ఆరేసి మందికి రెండు అడిగితే దొరుకుతాయి, మాట్లాడుకోవడానికీ అదే నయం. శాకాహారం, అలర్జీలు, మధుమేహం లాంటివన్నీ ఆ కౌంటర్ దగ్గరే చెప్పేయాలి. ప్రత్యేకంగా వండాల్సినవి ముందురోజు రాత్రే ఆర్డర్ ఇవ్వమంటారు.

క్యాబిన్లు 1, 2 గంటల మధ్య తెరుచుకుంటాయి. అప్పుడు లిఫ్టుల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. మధ్యలో ఉన్నవాటికి రద్దీ ఎక్కువ, ఓడ ముందో వెనకో ఉన్న లిఫ్టుల దాకా నడిస్తే త్వరగా ఎక్కొచ్చు. పొడవాటి నడవాలో ఎటు ముందో ఎటు వెనకో తెలియదు. కొన్ని ఓడల్లో కార్పెట్ మీద చేపల బొమ్మలుంటాయి, అవి ఈదేది ఓడ ముందు వైపుకే.

క్యాబిన్‌లోకి వెళ్ళగానే పెట్టెల కోసం ఎదురుచూడకుండా పది నిమిషాలు గదిని పరీక్షించాలి. ఏసీ, షవర్ నీళ్ళు పోయే జాలీ, సేఫ్ తాళం, సాకెట్లు. లోపం కనబడితే ఓడ కదలకముందే ఫోన్ చేయండి, సాయంత్రానికి ఫిర్యాదులు పోగుపడతాయి. పడకలు కలిపి ఉన్నాయా విడిగా ఉన్నాయా చూసుకుని, మార్చాలంటే గది చూసే అటెండెంట్‌తో ఆ పూటే చెప్పాలి. పక్కపక్క క్యాబిన్ల బాల్కనీల మధ్య అడ్డుపలక తీయించడం కూడా ఆయన పనే, కొన్ని ఓడల్లోనే వీలవుతుంది. గోడలు చాలావరకు ఇనుపరేకువి, నాలుగు అయస్కాంతపు కొక్కేలు తెచ్చుకుంటే టోపీలు, తడిబట్టలు, సంచులు గోడకెక్కి గది సగం ఖాళీ అవుతుంది. ఖాళీ సూట్‌కేసులు మంచం కిందికి. టాయిలెట్ వాక్యూమ్‌తో లాగుతుంది, అందులో టాయిలెట్ పేపర్ తప్ప ఏది వేసినా, వెట్ వైప్ ఒక్కటైనా సరే, మీ గదితో పాటు పక్క గదులవీ ఆగిపోవచ్చు.

బాల్కనీ తలుపు గురించి పిల్లలకి ముందే చెప్పాలి. ఓడ కదిలాక గాలి ఒత్తిడికి అది బరువుగా లాగుతుంది, వదిలితే ఢామ్మని పడుతుంది. వేళ్ళు నలిగేది ఎక్కువగా అక్కడే. బాల్కనీ కుర్చీని కమ్మీకి దూరంగా జరిపి పెట్టండి, చిన్నపిల్లలున్న గదిలోనైతే దాన్ని తీసేయించండి. తలుపు తెరిచి ఉంచితే ఏసీ ఆగిపోతుంది, బయటి తేమ చేరి గది చెమ్మగిల్లుతుంది.

మూడో మనిషికి మంచం వేసే చోటున్నా బుకింగ్‌లో ఒప్పుకోలేదని కొందరికి కోపం ఉంటుంది. దానికి కారణం మంచం కాదు. ఆ భాగంలోని క్యాబిన్లకు కేటాయించిన లైఫ్‌బోట్ స్థలాలకు లెక్క ఉంటుంది, అది నిండితే గదిలో ఖాళీ ఉన్నా ఇంకొకరిని ఎక్కించరు.

మస్టర్ డ్రిల్

ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో, ఏం చేయాలో నేర్పే సాధన ఇది. ఎవరికి వారే చేయాల్సిన పని, ఒకరి బదులు ఇంకొకరు చేయడానికి లేదు. 1912లో టైటానిక్ మునిగాక 1914లో సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలు చేసుకున్న మొదటి సోలాస్ ఒప్పందం పుట్టింది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్తా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ బండను గుద్దుకున్నప్పుడు, ఆ రోజే ఎక్కిన వందలమందికి ఇంకా డ్రిల్ జరగలేదు. ఎక్కిన 24 గంటల్లో జరిపితే చాలని అప్పటి నియమం. ఆ ప్రమాదంలో 32 మంది చనిపోయారు. 2015 జనవరి 1 నుంచి నియమం మారింది: డ్రిల్ ఓడ కదలకముందు గానీ, కదిలిన వెంటనే గానీ జరగాలి.

2020 తర్వాత చాలా ఓడల్లో అందరినీ ఒకేసారి డెక్ మీద నిలబెట్టడం పోయింది. ఫోన్‌లోనో గదిలోని టీవీలోనో వీడియో చూడాలి, అలారం ఎలా మోగుతుందో వినాలి (ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత), తర్వాత కార్డు మీద రాసిన స్టేషన్‌కి నడిచి వెళ్ళి స్కాన్ చేయించుకోవాలి. చివరి గంటకు వదిలేస్తే అక్కడ వరస కడతారు, రానివాళ్ళ పేర్లు మైకులో పిలుస్తారు. భోజనానికి ముందో, భోజనమయ్యాక గదికి వెళ్ళే దారిలోనో ముగిస్తే అయిదు నిమిషాల పని. వేర్వేరు క్యాబిన్లకు వేర్వేరు స్టేషన్లు పడొచ్చు, కంగారు వద్దు. అసలు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పిల్లలు క్లబ్బులో ఉండగా అలారం మోగితే సిబ్బంది వాళ్ళను ఎక్కడికి తీసుకొస్తారు? జవాబు ఓడను బట్టి మారుతుంది. తెలియకపోతే తల్లిదండ్రులు జనానికి ఎదురు పరుగెత్తుతారు.

లైఫ్ జాకెట్ తొడగడం ఒక్కసారి చేసి చూడండి. తల దూర్చి, పట్టీని నడుం చుట్టూ తిప్పి, ముందు క్లిప్ బిగించి, వేలాడే కొసను లాగి దోపేయాలి. ఆ కొస మెట్ల మీద వెనకున్నవాళ్ళ కాలికి చుట్టుకుంటుంది. పిల్లల సైజు జాకెట్ గదిలో లేకపోతే అటెండెంట్ తెచ్చిస్తాడు. అలారం మోగాక లిఫ్టు వాడకూడదు కాబట్టి, తాతయ్యతో ఎవరు మెట్లు దిగాలో ఇప్పుడే అనుకోవాలి.

సాయంత్రం

కదలడానికి అరగంట ముందు అందరూ పై డెక్‌కి. "పై డెక్ మీద" అని చెప్పుకుంటే ఎవరూ కలవరు. డెక్ నంబరు, ముందా వెనకా, కుడివైపా ఎడమవైపా, ఎన్నింటికి, ఇవన్నీ చెప్పుకోవాలి. ఉక్కు గోడల మధ్య వాకీటాకీలు సరిగా పనిచేయవు. ఓడ యాప్‌లోని చాట్ ఇంటర్నెట్ ప్యాకేజీ లేకున్నా ఓడ వైఫై మీద నడుస్తుంది, కొన్ని సంస్థలు దానికి విడిగా రుసుము తీసుకుంటాయి. యాప్‌ను ఇంట్లో ఉండగానే దించుకోవాలి. మొబైల్‌ని ఈ సమయంలోనే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై ఒక్కటే తెరవండి. తీరం దూరమయ్యాక ఫోన్ ఓడ సొంత టవర్‌ని పట్టుకుంటుంది, అది శాటిలైట్ రోమింగ్. బిల్లు ఇంటికి వచ్చాక తెలుస్తుంది.

తాళ్ళు విప్పాక ఓడ పక్కకు జరగడం చూడటానికి బాగుంటుంది. ముందుభాగంలో నీటి కింద అడ్డంగా ఉండే థ్రస్టర్లు, వెనక తిరిగే ప్రొపెల్లర్లు కలిసి అంత ఓడని గట్టు నుంచి నెమ్మదిగా తోస్తాయి. మూడు పొట్టి హారన్లు వినబడితే యంత్రాలు వెనక్కి నడుస్తున్నాయని అర్థం. గాలి బలంగా ఉంటే బయల్దేరడం ఆలస్యమవుతుంది, ఓడ పక్కభాగం అంత పెద్ద గోడ కాబట్టి. రేవు దాటాక చాలామంది లోపలికి వెళ్ళిపోతారు, అప్పుడే చూడాల్సింది ఉంది. రేవు దాటేదాకా ఓడకి దారి చూపే స్థానిక పైలట్ దిగే ఘట్టమది. చిన్న పడవ ఒకటి వచ్చి ఓడకి ఒరుసుకుంటూ అదే వేగంతో పరుగెడుతుంది. ఓడ పక్కన చిన్న తలుపు తెరుచుకుంటుంది, లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషి తాళ్ళ నిచ్చెన మీద దిగి, అల పైకి లేచినప్పుడు పడవలోకి అడుగేస్తాడు. పడవ వెంటనే పక్కకు తిరిగిపోతుంది.

షాపులు, కాసినో ఓడ కదిలాకే తెరుస్తారు, రేవులో ఉన్నంతసేపు ఆ దేశపు చట్టాలూ పన్నులూ వర్తిస్తాయి కాబట్టి.

భోజనం, రాత్రి

తొలిరాత్రి బట్టల నియమం సాధారణంగా సడలిస్తారు, అందరి పెట్టెలూ చేరి ఉండవు. భోజనం రెండు వేళల్లో ఉంటుంది: 5:30, 6 ప్రాంతంలో ఒకటి, 8 ప్రాంతంలో ఒకటి. చిన్నపిల్లలుంటే మొదటిదే. రెండోదానికి వెళ్తే రెండేళ్ళవాడు రెండో వంటకానికే నిద్రపోతాడు. ఈ టేబుల్ దగ్గరే మర్నాటి సంగతి తేల్చుకోవాలి: ఎవరు రేవులో దిగుతున్నారు, ఎవరు ఓడలోనే ఉంటారు. పన్నెండు మందికీ ఒకే విహారం బుక్ చేయడం కంటే నడవగలిగినవాళ్ళకొకటి, పెద్దవాళ్ళకొకటి అనుకుంటే ఇద్దరికీ సుఖం.

9 దాటినా పెట్టె రాకపోతే ముందు నడవాలో అటూ ఇటూ చూడండి, పక్క క్యాబిన్ గుమ్మం ముందు ఉండటం మామూలే. లేకపోతే గెస్ట్ సర్వీసెస్‌లో ఫొటో చూపించి, సెక్యూరిటీ గదిలో ఆగిందేమో అడగండి.

ఓడ ఊగడం మొదలయ్యేది బయటి సముద్రంలోకి వెళ్ళాక. స్టెబిలైజర్ రెక్కలు పక్కలకు ఊగడాన్ని తగ్గిస్తాయి, ముందుకీ వెనక్కీ తూగడాన్ని ఆపలేవు. అందుకే ముందుభాగం పై డెక్ క్యాబిన్లలో ఎక్కువ, మధ్యలో కింది డెక్‌లలో తక్కువ తెలుస్తుంది. తిప్పుతుందనిపించినవాళ్ళు గదిలో ఫోన్ చూస్తూ పడుకుంటే ఇంకా పెరుగుతుంది. బయటి గాలికి వచ్చి దిగంతం వైపు చూడాలి. మాత్రలు వాంతి మొదలయ్యాక వేస్తే నిలవవు, గంట ముందే వేసుకోవాలి. పిల్లలకూ పెద్దవాళ్ళకూ ఏ మాత్ర, ఎంత అన్నది బయల్దేరే ముందే డాక్టర్‌ని అడిగి ఉండాలి, ముఖ్యంగా రక్తపోటు, ప్రోస్టేట్, గ్లాకోమా మందులు వాడే తాతయ్యకు.

పడుకునే ముందు గడియారం. ఓడ ఓడవేళ ప్రకారం నడుస్తుంది, రేవు ఊరి సమయం వేరుగా ఉండొచ్చు. ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి, కార్యక్రమ పత్రంలో ఉన్న వేళకు చేత్తో సరిచేసుకోండి. రేవు నెట్‌వర్క్ తగలగానే గంట మారిపోయిన ఫోన్లను నమ్ముకున్నవాళ్ళే సాయంత్రం గట్టున పరుగెత్తుతూ కనిపిస్తారు. మర్నాడు దిగేవాళ్ళు కార్డు, అవసరమైతే పాస్‌పోర్టు కాపీ, ఓడ ఏజెంటు ఫోన్ నంబరున్న ఆ పత్రం, మూడూ చిన్న సంచిలో వేసి తలుపు కొక్కేనికి తగిలించి పడుకోవచ్చు.